రానీ... రానీ... ఆపు: ఒక ట్రెయిలర్ రివర్స్ డైరీ

ఫిబ్రవరి 10, 2024, శనివారం

బండి వచ్చింది. 24 అడుగుల సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రెయిలర్. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, లోపల రెండు పడకలు, చిన్న పొయ్యి, ఒక్క మనిషి పట్టే బాత్‌రూమ్. సామాను ఎక్కించకముందే 5,000 పౌండ్లు దాటుతుంది. లాగేది మా 2018 ఫోర్డ్ ఎఫ్-150 పికప్.

ఎవరైనా ట్రెయిలర్ కొని తర్వాత క్యాంప్ సైట్ బుక్ చేస్తారు. నేను తిరగేశాను. ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం డాలస్ మీదుగా పోతోంది, మర్నాడే ఉగాది. అత్తయ్యగారూ మామయ్యగారూ అప్పటికి ఇక్కడే ఉంటారని నవంబరులోనే సీడర్ హిల్ స్టేట్ పార్కులో మూడు రాత్రులకు సైట్ పట్టాను. అందులో 'బ్యాక్-ఇన్' అని రాసి ఉంది. చదివాను కానీ పట్టించుకోలేదు. ఒక పక్కనుంచి వచ్చి ఇంకో పక్కకు వెళ్ళిపోయే పుల్-త్రూ సైట్ కాదది. వెనక్కే దూర్చాలి.

అమ్మినాయన ఇంటి నుంచి స్టోరేజ్ యార్డు దాకా తోలడం హాయిగానే సాగింది. (ఇంటి ముందు పెట్టుకోవడానికి లేదు. 24 గంటలు దాటితే మా కాలనీవాళ్ళు నోటీసు పంపిస్తారు.) యార్డులో మాకిచ్చిన గడి 12 అడుగుల వెడల్పు, ట్రెయిలర్ 8 అడుగులు. అటు రెండు, ఇటు రెండు. కాగితం మీద చాలా చోటే. 40 నిమిషాల తర్వాత ట్రెయిలర్ పక్క గడిలోకి ఏటవాలుగా దూరి, ట్రక్కు దారికి అడ్డంగా నిలబడింది. చివరికి యార్డులో పనిచేసే కుర్రాడు వచ్చి తాళాలు తీసుకున్నాడు. ఫోన్ మాట్లాడుతూనే ఒక్క దెబ్బకి లోపల పెట్టేశాడు.

మామయ్యగారు ముందు సీట్లో కూర్చుని మొత్తం చూశారు. ఒక్క మాటా అనలేదు. ఆయనది ఉయ్యూరు దగ్గర పల్లె. కుర్రతనంలో రెండేళ్ళు లారీ క్లీనరు, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు సొంత ట్రాక్టరు. సీజన్లో చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన మనిషి. తెలియక ఊరుకోలేదు, అల్లుణ్ణి ఎలా అనడమా అని ఊరుకున్నారు. దిగాక మాత్రం, "కొత్త బండి కదా బాబూ, అలవాటవుతుంది" అన్నారు. నన్ను మెకానిక్ షాపులో మొదటి రోజు కుర్రాణ్ణి ఓదార్చినట్టు ఓదార్చారు.

ముందుకు తీసి మళ్ళీ సర్దుకున్న సార్లు: లెక్కపెట్టలేదు. రేపటి నుంచి పెడతాను.

ఫిబ్రవరి 11, ఆదివారం

బయట వాన. డైనింగ్ టేబుల్ మీద మా చిన్నదాని బొమ్మ ట్రాక్టరు, దాని వెనక ట్రక్కు పెట్టుకుని కూర్చున్నాను. (మా వైపు ట్రాక్టరు వెనక తగిలించే తొట్టినే ట్రక్కు అంటారు. ఇక్కడ ఎఫ్-150 కూడా ట్రక్కే. ఈ డైరీలో అయోమయం తప్పదు కాబట్టి ఇక నుంచి లాగేది బండి, వెనకది ట్రెయిలర్.)

ఒక గంట ఆడాక నిన్న ఎక్కడ పోయిందో కొంత తెలిసింది. ముందుకు లాగేటప్పుడు వెనకది తనంతట తనే సర్దుకుంటుంది. వంకరగా ఉన్నా కొంత దూరం పోయేసరికి వరసలోకి వస్తుంది. వెనక్కి నెట్టేటప్పుడు సరిగ్గా దానికి తిరగబడుతుంది. కొంచెం వంకర ఉంటే, స్టీరింగ్ ముట్టుకోకపోయినా ఆ వంకర పెరుగుతూనే పోతుంది. చిన్నప్పుడు అరచేతిలో కర్ర నిలబెట్టే ఆట ఆడేవాళ్ళం కదా, అచ్చం అదే. కర్ర ఒరిగాక చెయ్యి కదిపితే లాభం లేదు, ఒరగబోతున్నప్పుడే కదపాలి.

ఇంకో సంగతి. బొమ్మ ట్రక్కు పొట్టిది, చిటుక్కున తిరిగిపోతుంది. దాని వెనక పెన్సిల్ డబ్బా కట్టి పొడుగు చేస్తే నింపాదిగా తిరిగింది. అంటే పొడుగు ట్రెయిలర్ కష్టం అనుకోవడం తప్పు. పొడుగుది ఆలస్యంగా స్పందిస్తుంది, ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. రేపెప్పుడైనా సామాను వేసుకునే చిన్న ట్రెయిలర్ అద్దెకు తీసుకుని, చిన్నదే కదా అనుకుంటే దెబ్బతింటాను.

ఫిబ్రవరి 17, శనివారం

దగ్గర్లో ఒక హైస్కూలు ఉంది. అడిగితే, శని ఆదివారాలు పొద్దున పార్కింగ్ స్థలంలో నేర్చుకోమన్నారు. కోన్లు కొనడం దండగనిపించి, పెరుగు తోడుపెట్టుకోగా మిగిలిన పాల క్యాన్లలో నీళ్ళు నింపి తీసుకెళ్ళాను. గ్యాలన్‌వి ఆరు.

ఈ రోజు మలుపుల్లేవు. తిన్నగా వెనక్కి పోవడం ఒక్కటే. పార్కింగ్ గీత పక్కనే చక్రాలు పెట్టుకుని, గీత వదలకుండా 100 అడుగులు. మొదటి ఆరుసార్లూ పాములా మెలికలు తిరిగాను.

స్టీరింగ్ మీద చెయ్యి ఎక్కడ పెట్టాలన్నది ఇక్కడ అందరూ చెప్పేదే, కానీ చేసి చూస్తే గానీ నమ్మకం కుదరలేదు. ఒక్క చేత్తో స్టీరింగ్‌ని కింది భాగంలో, గడియారంలో ఆరు ఉండే చోట పట్టుకోవాలి. ట్రెయిలర్ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరపాలి. అంతే. పైన పట్టుకుంటే ప్రతిసారీ మనసులో తిరగేసి లెక్క వేసుకోవాలి. ఆ లెక్క తేలేలోపు కర్ర ఒరిగిపోతుంది.

రెండోది, కాలు యాక్సిలరేటర్ మీద పెట్టకపోవడం. గేరు వేసి బ్రేకు కొంచెం వదిలితే బండి తనే పాకుతుంది. ఆ వేగం చాలు. మధ్యాహ్నానికి 100 అడుగులూ గీత మీదే వెళ్ళాను, రెండుసార్లు.

ముందుకు తీసినవి: 31. క్యాన్లు పగిలినవి: 1.

ఫిబ్రవరి 18, ఆదివారం

నిన్నటి ధీమాతో మలుపు మొదలుపెట్టాను. 60 డాలర్లు వదిలాయి.

ట్రెయిలర్ రోడ్డు మీద తోక ఊపకుండా, బండికీ ట్రెయిలర్ మూతికీ మధ్య ఒక పక్కగా బిగించే రాపిడి బార్ ఒకటి మాకు ట్రెయిలర్ అమ్మినాయన ఇచ్చాడు. స్వే బార్ అంటారు. ఈ రకంది రివర్స్ తీసే ముందు ఊడదీయాలి. దాని మీదే స్టిక్కర్ అంటించి ఉంది. నేను ఊడదీయలేదు. పదునైన మలుపులో బండి, ట్రెయిలర్ రెండూ మోచెయ్యి మడిచినట్టు మడతపడ్డాయి. టప్ మని శబ్దం. దిగి చూస్తే బార్ విల్లులా వంగింది. బండి బంపరుకీ ట్రెయిలర్ మూతికీ మధ్య నా పిడికిలి పట్టేంత చోటు మిగిలింది. ఇంకో అర అడుగు పోయి ఉంటే బంపర్ కూడా పోయేది.

ఇలా మడతపడడాన్నే ఇక్కడ జాక్‌నైఫ్ అంటారు. ఒక కోణం దాటాక స్టీరింగ్ ఎంత తిప్పినా వెనక్కి పోతూ దాన్ని విప్పలేం. ముందుకు తీయడమొక్కటే దారి. ఆ కోణం ఎంతో డిగ్రీల్లో కొలవడానికి అద్దాల్లో వీలుపడదు కాబట్టి నేనొక గుర్తు పెట్టుకున్నాను. ఒక పక్క అద్దంలో ట్రెయిలర్ గోడ మొత్తం కనిపిస్తూ, రెండో అద్దంలో ట్రెయిలర్ ఊసే లేకుండా పోయిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఆపి, ముందుకు.

తగిలించేటప్పుడు చూసుకోవాల్సినవన్నీ ఒక అట్టముక్క మీద రాసి అద్దం దగ్గర దోపాను. గొలుసులు అడ్డంగా దాటించి కట్టడం, బ్రేకు తీగ, ఏడు పిన్నుల వైరు, ఇంకా అలాంటివి. దాని మీద పెద్దక్షరాలతో మొదటి మాట: బార్ తీశావా?

ఫిబ్రవరి 25, ఆదివారం

మామయ్యగారు వస్తానన్నారు. ఒక గంట దూరంగా నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని చూశారు. తర్వాత కిటికీ దగ్గరికి వచ్చి, "ఒక్క మాట చెప్పనా బాబూ, ఏమీ అనుకోకపోతే" అన్నారు.

నేను అద్దంలో ట్రెయిలర్ వెనక మూలను చూస్తున్నానట. మూలను కాదు, చక్రాన్ని చూడాలి. ట్రెయిలర్ తిరిగేది చక్రాల మీద. చక్రం ఎక్కడ పోతుందో మిగతాదంతా దాని చుట్టూ తిరుగుతుంది. గడి మూలలో పెట్టిన పాల క్యాను పక్కనే చక్రం దొర్లేట్టు తీసుకొస్తే, తోక దానంతటదే గడిలోకి దిగుతుంది. "ట్రక్కుని గేటులోకి తీసేటప్పుడు మేం గేటు స్తంభానికీ చక్రానికీ మధ్య బెత్తెడు చూసుకునేవాళ్ళం. వెనక బాడీ సంగతి ఎవడు చూస్తాడు?" అన్నారు.

రెండోది మలుపు సగంలో చేయాల్సిన పని. ట్రెయిలర్ తిరగడం మొదలుపెట్టగానే స్టీరింగ్ ఎదురు తిప్పి, "దాని వెంటపడాలి" అన్నారు. ఇన్నాళ్ళూ నేను మలుపు పూర్తయ్యేదాకా అలాగే పట్టుకుని కూర్చుంటున్నాను. అందుకే మడతపడుతోంది.

అయితే ట్రాక్టరు అనుభవం మొత్తం ఇక్కడ పనికి రాలేదు. ఆయన్ని ఎక్కించి ఖాళీ పార్కింగ్‌లో ఒకసారి ప్రయత్నించమన్నాను. ట్రాక్టరు మీద మనిషి వెనక్కి తిరిగి కొక్కేన్ని నేరుగా చూస్తాడు, ట్రక్కు కూడా ఇందులో సగం పొడుగే. ఇక్కడ వెనక్కి తిరిగితే కనిపించేది ట్రెయిలర్ ముందు గోడ ఒక్కటే. ఆయన అలవాటుగా సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి, ఏమీ కనిపించక, నవ్వి దిగిపోయారు. "ఇది గోడని నెట్టడం బాబూ, మనకి రాదు."

చక్రాన్ని చూడడం మొదలుపెట్టాక ముందుకు తీసినవి 9కి దిగాయి. ఒక్క గంటలో.

మార్చి 3, ఆదివారం

90 డిగ్రీల మలుపు. క్యాంప్ సైట్లో కావాల్సింది ఇదే. సైట్ మన ఎడమ పక్క, అంటే ఇక్కడి డ్రైవరు పక్క ఉండేట్టు రావాలి. అప్పుడు కిటికీలోంచి తల బయట పెట్టి చూడొచ్చు. కుడి పక్క అయితే గుడ్డి పక్క, అద్దమే గతి.

నాకు కుదిరిన పద్ధతి రాసి పెట్టుకుంటున్నాను. గడి వైపు దగ్గరగా పోతూ, నా భుజం గడి దగ్గరికి రాగానే బండి ముక్కు కుడివైపు బాగా విరిచి, ఆ వెంటనే తిన్నగా చేసుకుంటూ ముందుకు పోయి ఆపాలి. ఇలా చేస్తే వెనక్కి మొదలుపెట్టకముందే ట్రెయిలర్ తోక గడి వైపు చూస్తుంటుంది. ఇదంతా ముందుకు పోతూ చేసేదే. ఇక్కడ బద్ధకించినవాడు వెనక్కి పోతూ పది రెట్లు కష్టపడాలి. మొదటి మూడు వారాలూ నేను చేసిందదే. నేరుగా గడి దాటి ఆపేసి, మొత్తం మలుపుని రివర్స్‌లోనే పిండాలని చూశాను.

పదునైన మలుపుల్లో రెండు ఇరుసుల చక్రాలు పక్కకి ఈడ్చుకుపోతున్నాయి. తారు మీద నల్ల చారలు, టైర్లు ఉబ్బినట్టు వంగడం చూస్తే గుండె జారింది. రెండు ఇరుసులున్నవాటికి అది మామూలేనట. కానీ ఒకే చోట నిలబెట్టి తిప్పకుండా, వీలైనంత వెడల్పుగా తిప్పడం మంచిది.

ముందుకు తీసినవి: ఒక్కో ప్రయత్నానికి 4 నుంచి 7.

మార్చి 10, ఆదివారం

శుక్రవారం శివరాత్రి జాగారం, ఈ రోజు గడియారం గంట ముందుకు జరిగింది. నిద్ర చాలలేదు. అలాంటప్పుడు ఈ పని పెట్టుకోకూడదు.

వెనక నిలబడి దారి చెప్పే పని మా ఆవిడది. "అటు... అటు కాదండీ, ఇటు!" ఫోన్ స్పీకర్లో అటూ ఇటూ ఎటో ఎవరికి తెలుస్తుంది? ఎడమ, కుడి అనుకుందామన్నాం. ఆమె నాకు ఎదురుగా నిలబడితే ఆమె ఎడమ నా కుడి. మామయ్యగారు కల్పించుకుని, "డ్రైవరు పక్క, క్లీనరు పక్క అనండి, గొడవ ఉండదు" అన్నారు. బాగుందనుకున్నాం. ఐదు నిమిషాల్లో నేను పాల క్యాను మీదికి ఎక్కించాను. ఆయన డ్రైవరు పక్క అంటే మన దేశపు డ్రైవరు పక్క, కుడి!

చివరికి దారి చూపింది మా చిన్నది. దానికి ఆరేళ్ళు. "తలుపు పక్క అనొచ్చుగా" అంది. ఈ దేశంలో ట్రావెల్ ట్రెయిలర్ తలుపు దాదాపు ఎప్పుడూ కుడి పక్కే ఉంటుంది, కరెంటు వైరూ నీళ్ళ పైపూ తగిలించేది ఎడమ పక్క. ఎవరు ఎక్కడ నిలబడినా, ఏ దేశంలో డ్రైవింగ్ నేర్చుకున్నా, తలుపు తలుపే. కాబట్టి మా ఇంటి భాషలో 'తలుపు' అంటే తోకని తలుపు పక్కకి జరుపు, 'ప్లగ్గు' అంటే రెండో పక్కకి. సరిగ్గా వస్తుంటే 'రానీ, రానీ'. ఈ 'రానీ' అనడం మా ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. క్లీనరు కూతురు. ఆ సాగదీత, చివర్లో టక్కున 'ఆపు', పుట్టుకతో వచ్చినట్టున్నాయి.

ఇంకో నియమం: అద్దంలో ఆమె కనిపించకపోతే బండి కదలదు. ఆమె నోరు కదులుతున్నా సరే.

మార్చి 23, శనివారం

రాయాలని లేదు.

ట్రెయిలర్ని కడిగించి, సాయంత్రం యార్డుకి తెచ్చాం. మా ఆవిడ, చిన్నది రాలేదు. మామయ్యగారూ నేనే. స్కూలు దగ్గర వరుసగా మూడుసార్లు రెండేసి సవరింపులతో పెట్టినవాణ్ణి, గడి అదే 12 అడుగులు. ఫోన్ కలపలేదు. గాలి హోరుకి కిటికీ కూడా ఎత్తేసుకున్నాను. ప్లగ్గు పక్క అద్దంలో చక్రం అద్భుతంగా వస్తోంది. ఆ ఒక్క అద్దాన్నే చూస్తున్నాను. తలుపు పక్క గడి మూలలో ఒక ఇనప స్తంభం ఉంది, పసుపు రంగుది, మొదటి రోజు నుంచీ ఉన్నదే.

"ఆపరా!"

కిటికీ అద్దంలోంచి కూడా వినిపించింది. బ్రేకు తొక్కేలోపు చిటుక్కుమంది. వెనక ఎర్ర లైటు పగిలి, మూల మీది అల్యూమినియం పట్టీ రెండంగుళాలు లోపలికి పోయింది.

దిగేసరికి మామయ్యగారి ముఖం పాలిపోయి ఉంది. లైటు గురించి కాదు. "నోరు జారింది బాబూ, పాత అలవాటు" అంటారు. నేను లైటు చూడాలో ఆయన్ని చూడాలో తెలియలేదు. "ఇంకొంచెం ముందే అని ఉంటే లైటు మిగిలేది మామయ్యా" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, పెద్దగా నవ్వేశారు.

ఆ తర్వాత ఆయన 'మీరు' అనడం మానలేదు గానీ, సందేహించడం మానేశారు. అప్పటికప్పుడే నన్ను వెంటబెట్టుకుని, గడి మొత్తం చుట్టూ తిప్పి, ఎక్కడ స్తంభం, ఎక్కడ గొయ్యి, పైన తీగ ఏదైనా ఉందా అని చూపించారు. "ఎక్కకముందు ఒకసారి, సగంలో ఒకసారి దిగి చూడండి. దిగితే పోయేదేముంది?" ఇక్కడివాళ్ళూ సరిగ్గా ఇదే చెబుతారు, దిగి చూడమని. నలభై ఏళ్ళ వయసులో, చుట్టూ జనం ఉండగా బండి ఆపి దిగి చూడడం ఎంత కష్టమో మాత్రం ఎవరూ చెప్పరు.

ముందుకు తీసినవి: 1. అందుకే తగిలింది. తక్కువ అంకె రాసుకోవాలన్న యావలో ఆపాల్సిన చోట ఆపలేదు. ఈ లెక్క ఇలా రాయడం ఇవాళ్టితో ఆపేస్తున్నాను. ఇక నుంచి దిగి చూసినవి రాస్తాను.

మార్చి 30, శనివారం

లైటు మార్చాను. రెండు స్క్రూలు, రెండు వైర్లు. పాత సీలెంట్ గీకడానికే గంట పట్టింది. పట్టీ సొట్ట అలాగే ఉంచాను. వెనక మూలల్లో రంగు టేపు అంటించాను, అద్దంలో కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

పొద్దున స్కూలు దగ్గర ఎనిమిది ప్రయత్నాలు. దిగి చూసినవి: 15. ఎక్కడా తగల్లేదు.

ఏప్రిల్ 6, శనివారం

సీడర్ హిల్ పార్కు డాలస్‌కి నైరుతిగా, జో పూల్ సరస్సు ఒడ్డున ఉంది. పేరుకి సీడర్, నిజానికి జూనిపర్ చెట్లు. గ్రహణం పుణ్యమా అని పార్కు నిండిపోయింది. ప్రతి సైట్ ముందూ మడత కుర్చీలు, కుర్చీల్లో మనుషులు. వచ్చే ట్రెయిలర్లని చూడడమే వాళ్ళ కాలక్షేపం. రేపు మధ్యాహ్నానికి నేనూ అదే చేస్తానని తెలుసు, అయినా చెమట పట్టింది.

సైట్ మా ఎడమ పక్కే. ముందుగా బండి పక్కకి ఆపి, మామయ్యగారూ నేనూ నడిచి చూశాం. వెనక ఎడమ మూలలో కరెంటు పెట్టె, దాని పక్కన నీళ్ళ కుళాయి. కుడి పక్క కట్టుడు బల్ల. పైన ఒక జూనిపర్ కొమ్మ, ట్రెయిలర్ మీది ఏసీ కంటే కొంచెమే ఎత్తు. రోడ్డు అవతల చిన్న కాలువ, అంటే బండి ముక్కు అటు ఎక్కువ తిప్పడానికి లేదు. నేల చివర్లో కొంచెం దిగుడు. స్వే బార్ ఊడదీశాను.

ముక్కు విరవడం కాలువ భయంతో తక్కువైంది. మొదటిసారి తోక బల్ల వైపు పోయింది. "ప్లగ్గు... ప్లగ్గు... ఆపు." ముందుకు తీశాను. రెండోసారి చక్రం సైటు మూల రాయిని ఒరుసుకుంటూ వచ్చింది, కానీ కొమ్మ అనుమానం. దిగి చూశాను. ఎదురు సైటులో పెద్దాయన కాఫీ కప్పు కింద పెట్టేసి మరీ చూస్తున్నాడు. జానెడు ఖాళీ ఉంది. ఎక్కాను. "రానీ... రానీ... రానీ... తలుపు కొంచెం... రానీ... ఆపు!"

మామయ్యగారు ట్రెయిలర్ గోడ మీద అరచేత్తో ఒక్కటి చరిచారు. లారీకి వేసే దెబ్బ అది.

వెంటనే చక్రాలకి అడ్డు దిమ్మలు పెట్టాం. తర్వాతే కొక్కెం విప్పడం. ఈ వరస తప్పితే బండి సంగతి అటుంచి ట్రెయిలర్ వెనక్కి దొర్లుతుంది.

పట్టిన సమయం 11 నిమిషాలు. దిగి చూసినవి: 3.

ఏప్రిల్ 9, మంగళవారం, ఉగాది

నిన్న పొద్దున్నంతా మబ్బు. పన్నెండున్నర లోపే గ్రహణం పట్టింది, మబ్బుల సందుల్లో అక్కడక్కడా కనిపించింది. 1:40కి పూర్తి చీకటి పడే వేళకి మబ్బు చోటిచ్చింది. మూడు నిమిషాలకు పైగా. పార్కు మొత్తం ఒక్కసారి అరిచి తర్వాత గమ్మునైంది. గ్రహణం కంటే పెద్ద సమస్య అత్తయ్యగారి పట్టు స్నానం, విడుపు స్నానం. మా ట్రెయిలర్ వేణ్ణీళ్ళ ట్యాంకు ఆరు గ్యాలన్లు. విడుపు స్నానానికి ఐదుగురం. నా వంతుకి చన్నీళ్ళే.

సాయంత్రం పార్కులోనే ఉన్న పెన్ ఫార్మ్‌కి వెళ్ళాం. పాత కొట్టాలు, పాతకాలపు సేద్యం సామగ్రి ఉన్న చోటు. మామయ్యగారు ఒక్కో పనిముట్టు దగ్గరా పావుగంట ఆగారు. ఈ పొద్దున కట్టుడు బల్ల మీద ఉగాది పచ్చడి, ఎండు వేపపువ్వుతో. తిని, సర్దుకుని బయల్దేరాం.

యార్డులో మా వరసలోకి వెళ్ళే మామూలు దారికి అడ్డంగా ఎవరిదో పెద్ద మోటర్‌హోమ్. రెండో వైపు నుంచి పోతే మా గడి కుడి పక్కకి వస్తుంది, గుడ్డి పక్క. నాలుగుసార్లు ప్రయత్నించాను. పసుపు స్తంభం ప్రతిసారీ అద్దంలోంచి మాయమైపోతోంది. మా ఆవిడ 'తలుపు' అన్నప్పుడల్లా నా చెయ్యి ప్లగ్గు వైపు పోతోంది.

ఆపేశాను. మోటర్‌హోమ్ ఆయన వచ్చేదాకా 25 నిమిషాలు బండిలోనే కూర్చుని, మిగిలిన పులిహోర తిన్నాం. ఆయన తీశాక, గడి మా ఎడమ పక్కకి వచ్చేట్టు మామూలు దారిలో వచ్చి పెట్టాను. దిగి చూసినవి: 2.

వచ్చే శనివారం మళ్ళీ స్కూలు పార్కింగ్. గుడ్డి పక్క ఒక్కటే. పాల క్యాన్లు ఇంకా నాలుగున్నాయి.